ఏడాది నిండిన బిడ్డకు ఏ కానుక?

తొలి పుట్టినరోజు కానుకను అందుకునే బిడ్డ అది కావాలని అడగలేదు. ఎవరిచ్చారో గుర్తు పెట్టుకోదు. పెద్దయ్యాక మనుషులకు మిగిలే తొలి జ్ఞాపకాలు చాలావరకు మూడు, మూడున్నరేళ్ల వయసు నాటివి. ఏడాది నాటి సంబరం ఫొటోల్లో మాత్రమే నిలుస్తుంది. అయినా ఆ రోజు ఇంటికి వచ్చిన వస్తువుల్లో కొన్ని ఆ తర్వాత నెలల తరబడి బిడ్డ చేతిలో, నోట్లో, కాళ్ల దగ్గర తిరుగుతాయి. జ్ఞాపకం నిలవకపోయినా వాటితో నేర్చింది నిలుస్తుంది. కాబట్టి కానుక కొనేముందు తెలుసుకోవలసింది ఏడాది బిడ్డ చేయి ఏం చేయగలదు, కాలు ఎంతవరకు వచ్చింది, బుర్ర దేని వెంట పడుతోంది అన్నదే. ధర, పెట్టె సైజు ఆ తర్వాతి సంగతి.

ఏడాది నిండటాన్ని ఇంత ఘనంగా జరుపుకోవడం వెనుక ఒక భయం ఉంది. 1971లో మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో 129 మంది ఏడాది తిరగకుండానే చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మంచినీరు, తల్లుల చదువు కలిసి తెచ్చిన మార్పు ఇది. అంతకుముందు తరాల్లో ఏడాది దాటిన బిడ్డ గండం గడిచిన బిడ్డ. తిథి, నక్షత్రం చూసి ఆయుష్య హోమం చేయించడం, పుట్టువెంట్రుకల మొక్కు తీర్చుకోవడం ఆ ఊరటలోంచి వచ్చినవే. కొరియాలోనూ అంతే. అక్కడ 'డోల్' అనే తొలి పుట్టినరోజు వేడుకలో బంధువులు 3.75 గ్రాముల బంగారు ఉంగరం ఇవ్వడం ఆనవాయితీ. బిడ్డ ముందు దారం, కుంచె, బియ్యం, డబ్బు పరిచి ఏది పట్టుకుంటుందో చూస్తారు. తెలుగు ఇళ్లలో ఇదే ముచ్చట అన్నప్రాశన నాడు, ఆరో నెలలో జరుగుతుంది.

చేతికి అందేది, నోటికి వెళ్లేది

ఆరు నెలల బిడ్డకూ ఏడాది బిడ్డకూ ఉన్న పెద్ద తేడా చేతిలోనే కనిపిస్తుంది. ఆరో నెలలో ఏ వస్తువునైనా అరచేయంతా చాపి, గుప్పిట బిగించి లాక్కుంటుంది. అన్నప్రాశన పళ్లెంలో దగ్గరగా ఉన్నదానికో, తళతళలాడేదానికో చేయి ముందు పోతుంది. తొమ్మిదో నెల, పదో నెల వచ్చేసరికి బొటనవేలు, చూపుడువేలు కొసలు కలుస్తాయి. నేల మీద పడ్డ అటుకు, చాప అంచున ఊడిన పోగు, పాకుతున్న చీమ, ఏదైనా సరే ఆ రెండు వేళ్లతో ఏరుతుంది. పన్నెండో నెలకు ఈ పట్టు బాగా కుదురుకుంటుంది.

పట్టుకోవడం కన్నా కష్టమైన విద్య వదలడం. బిగించిన వేళ్లను తలచుకున్న క్షణంలో విప్పగలగడం ఏడాది ముందూ వెనకగా వస్తుంది. ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టిన బిడ్డ చెంచాను కింద పడేసి, వంగి చూసి, తీసిచ్చాక మళ్లీ పడేయడం అమ్మలందరికీ తెలిసిన పనే. పెద్దలకు అది అల్లరి. బిడ్డ అక్కడ రెండు సంగతులు తేల్చుకుంటోంది: తన వేళ్లు తన మాట వింటున్నాయా, వదిలిన వస్తువు ప్రతిసారీ కిందికే పోతుందా. ఆ వయసులో ఇంతకు మించిన పరిశోధన లేదు.

ఈ వయసుకు బాగా నప్పే ఆటవస్తువులు వేసి తీసే రకానివి. వెడల్పు మూతి డబ్బా, అందులో పట్టే నాలుగైదు చెక్క దిమ్మెలు. ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు. నిలువు కర్రకు తొడిగే పెద్ద రింగులు. ఏడాది బిడ్డ రింగులను వరుసలో తొడగలేదు, తీసి విసరగలదు. దిమ్మె మీద దిమ్మె నిలపడం చాలామందికి పదిహేనో నెల ప్రాంతంలో వస్తుంది. అప్పటిదాకా పెద్దలు కట్టిన గోపురాన్ని కూలదోయడంతోనే పండుగ. అలాంటి వస్తువు ఏడాదికి ఒక రకంగా, ఏడాదిన్నరకు ఇంకో రకంగా, మూడేళ్లకు ఇల్లు కట్టే ఇటుకగా పనికొస్తుంది. ఒక్క మీట నొక్కితే ఒక్క పాట పాడే బొమ్మకు ఆ ఆయుష్షు ఉండదు. దాని పని అదే చేసేస్తుంది, బిడ్డకు చేయడానికి ఏమీ మిగలదు.

పెదవులు, నాలుక స్పర్శ నరాలు దట్టంగా ఉండే చోట్లు. నునుపు, గరుకు, మెత్తన, చల్లదనం ఇవన్నీ ఆ వయసులో వేళ్ల కన్నా నోటికే తేలికగా తెలుస్తాయి. పళ్లు వస్తున్న చిగుళ్ల దురద దీనికి తోడు. కాబట్టి ఏడాది బిడ్డకు ఇచ్చే ప్రతి బొమ్మా ఏదో ఒక పూట నోట్లోకి వెళ్లి తీరుతుందని ముందే అనుకోవాలి. నీళ్లతో కడగడానికి వీలుందా, రంగు వదులుతుందా, కొరికితే ముక్క ఊడుతుందా అని దుకాణంలోనే చూడాలి. పొడవాటి బొచ్చు, అతికించిన ప్లాస్టిక్ కళ్లు ఉన్న టెడ్డీ బొమ్మ చూడటానికి ముచ్చటగా ఉన్నా ఈ పరీక్షలో నెగ్గదు. కళ్లను దారంతో కుట్టిన, ఉతకడానికి వీలైన చిన్న గుడ్డ బొమ్మ నెగ్గుతుంది.

గిలక్కాయ వయసు దాటిపోయిందని చాలామంది అనుకుంటారు. ఏడాదికి దాని ఉపయోగం మారుతుందంతే. నాలుగో నెలలో చప్పుడు విని ఆనందించిన బిడ్డ ఇప్పుడు చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతుంది. గిలక్కాయ మనిషి చేసిన పాత ఆటవస్తువుల్లో ఒకటి. మొహెంజోదారో, హరప్పా తవ్వకాల్లో కాల్చిన మట్టి గిలకలు, చిన్న బండ్లు, ఈలలు బయటపడ్డాయి.

కనబడనిది ఉందా, పోయిందా

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజె తన ముగ్గురు పిల్లల ఆటలను గమనిస్తూ రాసిన పరిశీలనల్లో ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఎనిమిది నెలల లోపు బిడ్డ చూస్తుండగా బొమ్మ మీద గుడ్డ కప్పితే, ఆ బొమ్మ లేనట్టే ఊరుకుంటుంది. తర్వాత్తర్వాత గుడ్డ లాగి బొమ్మ తీస్తుంది. అయితే బొమ్మను రెండు మూడు సార్లు కుడివైపు గుడ్డ కింద దాచి, ఈసారి బిడ్డ కళ్ల ముందే ఎడమవైపు దాస్తే, మళ్లీ కుడివైపే వెతుకుతుంది. ఏడాది నిండే వేళకు ఈ పొరపాటు తగ్గుతుంది. కనబడని వస్తువు కూడా ఎక్కడో ఉందన్న నమ్మకం పియాజె చెప్పినదానికన్నా ముందే మొలకెత్తుతుందని 1980లలో రెనే బాయార్జాన్ చేసిన ప్రయోగాలు చూపించాయి. కానీ ఆ నమ్మకాన్ని చేతుల్లోకి తెచ్చుకుని వెతికి పట్టే సామర్థ్యం తొలి పుట్టినరోజు చుట్టుపక్కలే గట్టిపడుతుంది.

అందుకే దోబూచులాట ఈ వయసులో ఎంతసేపు ఆడినా విసుగు రాదు. కానుకల్లో మూత తెరిస్తే బయటపడే బొమ్మ, తలుపు తీస్తే కనిపించే పిల్లి, ఒకవైపు నుంచి బంతి వేస్తే ఇంకోవైపు దొర్లి వచ్చే గొట్టం ఈ ఆకలి తీర్చేవి. పగలని అద్దం కూడా మంచి కానుకే. అద్దంలో ఉన్నది తనేనని పిల్లలకు ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య తెలుస్తుంది. బిడ్డకు తెలియకుండా ముక్కు మీద రంగు పూసి అద్దం చూపి, చేయి తన ముక్కు మీదికి పోతుందా అని చూసే పరీక్షతో దీన్ని 1972లోనే తేల్చారు. ఏడాది బిడ్డకు అద్దంలో ఇంకో పాపాయి కనిపిస్తుంది. పలకరిస్తుంది, ముద్దు పెడుతుంది, వెనక్కి వెళ్లి వెతుకుతుంది.

తప్పటడుగులకు తోడు

నడక విషయంలో తల్లిదండ్రుల ఆందోళన కానుకల మీద పడుతుంది. పక్కింటి పాప పదో నెలలో నడిచింది, మనవాడు ఏడాది నిండినా నిలబడటం లేదని వాకర్ కొనిపెట్టే తాతయ్యలు, మేనమామలు ఎందరో. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఎవరి సాయం లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడు మొదలైనా మామూలే. సగటు 12.1 నెలలు. అంటే తొలి పుట్టినరోజు నాటికి నడిచేవారూ, ఇంకా దోగాడేవారూ ఇద్దరూ సరైన దారిలోనే ఉన్నారు.

నడక ఎలా వస్తుందో న్యూయార్క్ పరిశోధకురాలు కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో లెక్కపెట్టి చూపింది. 12 నుంచి 19 నెలల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకుంటూ గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. నడక నేర్పేది ఈ పడటం, లేవడమే. చక్రాల చట్రంలో కూర్చోబెట్టే వాకర్ ఈ రెండింటినీ తీసేస్తుంది. అందులో బిడ్డ బరువు సీటు మీద ఉంటుంది, మునివేళ్లతో నేలను తన్నుతుంది, తన పాదాలు తనకు కనబడవు. వాకర్లలో ఉంచిన పిల్లలు కూర్చోవడం, పాకడం, నడవడం ఆలస్యంగా నేర్చారని 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. అంతకు మించిన సమస్య ప్రమాదాలు. చక్రాల మీద బిడ్డ క్షణంలో మెట్ల దాకా, పొయ్యి దాకా, నీళ్ల బకెట్ దాకా చేరుతుంది. 2004లో కెనడా వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. తొలి పుట్టినరోజుకు ఇవ్వకూడని వస్తువుల్లో దీన్ని మొదట రాసుకోవాలి.

దాని స్థానంలో ఇవ్వదగింది మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే, మూడు చక్రాల చెక్క తోపుడు బండి. పైకి రెండూ ఒకే పనికి వచ్చినట్టు కనిపిస్తాయి, నిజానికి తేడా చాలా ఉంది. తోపుడు బండి పట్టుకున్న బిడ్డ తన కాళ్ల మీద తానే నిలబడుతుంది. పిక్కలు, తొడలు, నడుము బరువు మోస్తాయి. చేతులు అడ్డకర్రను పట్టుకుంటాయి. అలసిపోతే కూర్చుంటుంది. బండి మరీ తేలికైతే ముందుకు జారిపోతుంది కాబట్టి కొంచెం బరువైనది, చక్రాలు బిగువుగా తిరిగేది ఎంచాలి. నడక వచ్చేశాక దారం కట్టి లాగే బొమ్మ కూడా బాగుంటుంది. దారం పొడవు బిడ్డ మెడకు చుట్టుకోలేనంత పొట్టిగా ఉండాలి.

నడక మొదలైన బిడ్డకు బూట్లు ఇవ్వాలనిపించడం సహజం. ఇంట్లో ఉత్త కాళ్లే మేలు. నేల గరుకు, వాలు పాదానికి తెలిస్తేనే తూకం కుదురుతుంది. బయటికి వెళ్లడానికి ఇచ్చేవైతే అడుగు భాగం సులువుగా వంగేవి, వేళ్ల ముందు చోటు ఉన్నవి ఇస్తే సరిపోతుంది.

మాటను మేల్కొలిపే కానుక

ఏడాది బిడ్డ నోట ఒకటో రెండో అర్థమున్న మాటలు ఉంటాయి. అర్థమయ్యేవి అంతకన్నా చాలా ఎక్కువ. 'తాతేడీ' అంటే తలుపు వైపు చూస్తుంది, 'కాకి' అంటే కిటికీ వైపు వేలు చూపుతుంది. ఈ వేలు చూపడం చిన్న సంగతి కాదు. తను చూస్తున్నదాన్ని ఎదుటి మనిషి కూడా చూడాలన్న కోరిక అందులో ఉంది, భాష అంతా ఆ కోరిక మీదే నిలుస్తుంది.

చెవి అప్పటికే చాలా దూరం నడిచి ఉంటుంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగం తెలుగువారికి బాగా అర్థమవుతుంది. హిందీలోని త, ట శబ్దాల తేడాను ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చక్కగా గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి వారిలో ఎక్కువ మందికి ఆ తేడా వినబడటం మానేసింది. రోజూ చెవిన పడని శబ్దాలను మెదడు పక్కన పెట్టేస్తుంది. హిందీ ఇళ్ల పిల్లల్లో ఆ శక్తి అలాగే నిలిచింది. తెలుగుకూ త, ట వేర్వేరు అక్షరాలే. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పుట్టిన తెలుగు బిడ్డకు ఏడాది లోపు ఇంట్లో తెలుగు ఎంత వినబడిందన్నది కాబట్టి పట్టింపు లేని సంగతి కాదు.

పోనీ తెలుగు పాటలు పెట్టే టాబ్లెట్ కొనిస్తే సరిపోతుందా? సరిపోదు. అమెరికాలో పాట్రీషియా కూల్ బృందం 2003లో ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు 12 సార్లు మాండరిన్ చైనీస్ వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలు చూపుతూ మాట్లాడిన పిల్లలు ఆ భాషా శబ్దాలను గుర్తుపట్టారు. అవే మాటలను వీడియోలోనో, ఆడియోలోనో విన్నవారు ఏమీ నేర్వలేదు. ఏడాది పిల్లలకు తెర చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. రెండేళ్ల లోపు వీడియో కాల్ తప్ప ఏ తెరా వద్దని భారత పిల్లల వైద్యుల అకాడమీ 2021లో చెప్పింది. దూరాన ఉన్న అమ్మమ్మ వీడియో కాల్‌లో పలకరించడాన్ని మినహాయించడం సరైన పనే. ఆ తెరలో ఉన్న మనిషి బిడ్డ నవ్వితే నవ్వుతుంది, పిలిస్తే పలుకుతుంది.

మాట్లాడే బొమ్మల సంగతి కూడా అంతే. నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన అనా సోసా 10 నుంచి 16 నెలల వయసు పిల్లలున్న 26 ఇళ్లలో మాటలను రికార్డు చేశారు. మీట నొక్కితే మాట్లాడే ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడినప్పుడు తల్లిదండ్రులు నిమిషానికి సుమారు 40 మాటలు అన్నారు. చెక్క దిమ్మెలు, మామూలు బొమ్మలతో 56. పుస్తకం పట్టుకున్నప్పుడు 67. బొమ్మ మాట్లాడుతుంటే అమ్మానాన్నలు మౌనంగా ఉండిపోయారన్నమాట. పిల్లలు చేసే చప్పుళ్లు కూడా ఎలక్ట్రానిక్ బొమ్మల దగ్గరే తగ్గాయి. చిన్న అధ్యయనమే అయినా రోజూ ఇళ్లలో కనిపించేదానికి ఇది సరిపోతుంది.

తొలి పుట్టినరోజుకు పుస్తకం ఇస్తే ముక్కున వేలేసుకునే బంధువులు ఇప్పటికీ ఉన్నారు. చదువు రాని బిడ్డకు పుస్తకమెందుకని వారి సందేహం. 1992లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 300 కుటుంబాలతో 'బుక్‌స్టార్ట్' మొదలైంది. ఏడాది కూడా నిండని బిడ్డలున్న ఇళ్లకు ఉచితంగా పుస్తకాలు ఇచ్చే పథకం అది. తర్వాత అది దేశమంతటికీ పాకింది. ఏడాది బిడ్డకు ఇచ్చే పుస్తకం దళసరి అట్టతో ఉండాలి, మూలలు గుండ్రంగా ఉండాలి, పేజీకి ఒకటో రెండో పెద్ద బొమ్మలుంటే చాలు. బిడ్డ దాన్ని కొరుకుతుంది, తిరగేసి పట్టుకుంటుంది, నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేస్తుంది. అయినా ఆవు బొమ్మ దగ్గర ఆగి 'అంబా' అంటుంది, అనమని పెద్దల మొహంలోకి చూస్తుంది. తెలుగులో తులిక, ప్రథమ్ బుక్స్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వంటి ప్రచురణకర్తలు చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు తెస్తున్నారు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న కానుక ఇదే.

ఏటికొప్పాక నుంచి కొండపల్లి దాకా

ప్లాస్టిక్ వద్దు, మన చెక్క బొమ్మ ఇద్దామనుకునేవారు రెండు రకాల చెక్క బొమ్మల తేడా తెలుసుకోవాలి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు పుట్టిల్లు. అక్కడ వాడేది అంకుడు కర్ర. ఆరబెట్టిన కర్రను తరిణి యంత్రం మీద గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కుతారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఒత్తి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. దాని మీద మొగలి ఆకు అదిమి పట్టగానే లక్క సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి వంటి వాటితో తీసిన సహజ రంగులను ఇక్కడ మళ్లీ నిలబెట్టడంలో సి.వి. రాజు కృషి పెద్దది. 2023లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంచులు లేని గుండ్రటి ఆకారం, రంగు కర్రలో కలిసిపోయినట్టుండే పూత, ఈ రెండూ ఏడాది బిడ్డకు అనుకూలమైనవి. అయితే లక్క బొమ్మలన్నిటిలోనూ సహజ రంగులే ఉంటాయని అనుకోకూడదు, అమ్మేవారిని అడిగి తీసుకోవాలి. బొమ్మలో చిన్న ముక్కలు విడిగా ఊడివచ్చే రకాలు, వేలెడంత లక్కపిడతలు మూడేళ్లు దాటిన పిల్లలకే.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలు వేరు. తేలికైన పొనికి కర్రతో భాగాలు విడివిడిగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు ముద్దతో అతికి, పైన రంగులు వేసే కొండపల్లి దశావతారాలు, తాటిచెట్టు, ఎడ్లబండి బొమ్మల కొలువుకు అందం. నోట్లో పెట్టుకుని చప్పరించే వయసుకు కావు. వాటిని ఇవ్వాలనుకుంటే బిడ్డ పేరున ఇచ్చి అల్మారాలో పెట్టమని చెప్పడం మంచిది.

పైరంగుల గురించి ఇంత జాగ్రత్త ఎందుకంటే సీసం. కడుపులోకి వెళ్లిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎదిగే మెదడుకు అది చేసే హాని తిరిగి సరిచేయలేనిది, ఇంత వరకు ఫర్వాలేదనే మోతాదు ఏదీ లేదు. రోడ్డు పక్కన గుట్టగా పోసి అమ్మే పేరు లేని రంగుల బొమ్మలు చవకే కావచ్చు, ఆ చవక బేరం ఏడాది బిడ్డ విషయంలో వద్దు.

ప్రాణం మీదికి తెచ్చేవి

ఏడాది బిడ్డ శ్వాసనాళం ఇంచుమించు ఆ బిడ్డ చిటికెన వేలంత లావు. వెనక దవడ పళ్లు ఇంకా రాలేదు, నమలడం తెలియదు, దగ్గి బయటికి నెట్టే బలం తక్కువ. బొమ్మల ముక్కలను పరీక్షించడానికి అమెరికాలో వాడే కొలత గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే ఏ ముక్కా మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలో ఉండకూడదు. గుండ్రటి బంతి మరీ ప్రమాదం. అది గొంతును బిరడాలా మూసేస్తుంది కాబట్టి బంతులకు హద్దు 44.4 మిల్లీమీటర్లు. గోలీలు, చిన్న రబ్బరు బంతులు, పెద్ద పూసల దండలు ఈ లెక్కతోనే పక్కకు పోతాయి. వేరుశనగ గింజలు, బఠాణీలు కూడా ఊపిరితిత్తుల్లోకి జారేవే. పుట్టినరోజు నాడు చేతిలో నాలుగు పల్లీలు పెట్టే అలవాటు మానాలి.

గుండీ బ్యాటరీల గురించి ప్రతి ఇంట్లోనూ తెలియాలి. పాట పాడే గ్రీటింగ్ కార్డు, వెలిగే బూట్లు, మినుకుమినుకుమనే కొవ్వొత్తి, చిన్న రిమోట్, వీటన్నిటిలోనూ ఇవే ఉంటాయి. 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ల మింగితే అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తడి వల్ల దాని రెండు ధ్రువాల మధ్య విద్యుత్తు పారి, రుణ ధ్రువం దగ్గర ఘాటైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే కండరాన్ని లోతుగా కాల్చేస్తుంది. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఎక్స్‌రే తీయగల ఆసుపత్రికి వెళ్లాలి. బ్యాటరీ ఉన్న బొమ్మ ఇవ్వక తప్పకపోతే, దాని మూత స్క్రూతో బిగించినది అయి ఉండాలి.

బలమైన చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల మడతలకు అటూ ఇటూ చేరి ఒకదాన్నొకటి లాగుకుని మధ్య గోడకు రంధ్రం పెడతాయి. నీళ్లలో ఉబ్బే రంగు పూసలు కడుపులో పెరిగి పేగుకు అడ్డుపడతాయి. వేడుకలో గది నిండా కట్టే రబ్బరు బెలూన్ల సంగతి చాలామందికి తట్టదు. పగిలిన ముక్కను నోట్లో పెట్టుకుని పీలిస్తే అది గొంతుకు అతుక్కుపోతుంది, వేలితో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. బెలూన్లు అందనంత ఎత్తున కట్టి, పగిలినవాటిని అప్పటికప్పుడు ఏరి పారేయడం ఒక మనిషికి అప్పగించాలి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. యాంత్రిక భద్రత, రంగుల్లోని విషపదార్థాలకు ఐఎస్ 9873, ఎలక్ట్రిక్ బొమ్మలకు ఐఎస్ 15644 ప్రమాణాలు వర్తిస్తాయి. గుర్తుతో పాటు ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. నమోదైన హస్తకళాకారులు చేసిన బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే ఏటికొప్పాక బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు లేకపోవడం తప్పు కాదు, కానీ పరీక్షించే బాధ్యత కొనేవారిదవుతుంది. పెట్టె మీద సున్నా నుంచి మూడు అంకెలతో చిన్న ముఖం, దానికి అడ్డంగా ఎర్ర గీత ఉంటే ఆ బొమ్మ మూడేళ్ల లోపు వారికి కాదు. తెలివైన బిడ్డ కాబట్టి ఫర్వాలేదనుకోవడం పొరపాటు. ఆ గుర్తు తెలివికి సంబంధించింది కాదు, గొంతు వెడల్పుకు సంబంధించింది.

బంగారం, బట్టలు, డబ్బు

వెండి పట్టీలు, మురుగులు, మొలతాడు, బంగారు ఉంగరం, గొలుసు తెలుగువారి తొలి పుట్టినరోజున తప్పకుండా కనిపిస్తాయి. బంగారం కొనేవారు ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్య చూసుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా నగ అమ్మకూడదు. ఆస్తిగా ఇవి మంచివే. ఒంటి మీద మాత్రం పండుగ ఫొటో వరకే. మెడ గొలుసు నిద్రలో బిగుసుకోవచ్చు. పట్టీల మువ్వలు పట్టి చూడాలి: సన్నని వంకీతో వేలాడే మువ్వను రెండు వేళ్లతో మెలిపెడితే ఊడివస్తే, బిడ్డ పళ్లకూ ఊడివస్తుంది. మువ్వలు లేని నున్నటి పట్టీలు, వెండి గిన్నె, చెంచా ఈ భయం లేనివి.

బట్టలు ఇచ్చేటప్పుడు బిడ్డ ఎదిగే వేగం గుర్తుంచుకోవాలి. ఏడాది నాటికి మగపిల్లల మధ్యస్థ బరువు 9.6 కిలోలు, ఆడపిల్లలది 8.9 కిలోలు. ఆ తర్వాతి ఏడాదిలో రెండున్నర కిలోలు, పది పన్నెండు సెంటీమీటర్లు పెరుగుతారు. ఏడాది సైజు కొంటే రెండు నెలల్లో బిగుతవుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల సైజు నూలు బట్టలు తీసుకోవడం మేలు. గుచ్చుకునే నెట్టు, ఊడిపోయే చమ్కీలు, మెడ దగ్గర తాళ్లు వద్దు.

ఆడపిల్ల అయితే తల్లిదండ్రులు తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతాలో జమ చేయడం చాలా కుటుంబాల్లో ఇప్పుడు కానుకైంది. 2015లో మొదలైన ఈ పథకంలో పదేళ్ల లోపు ఆడపిల్లల పేరున తల్లిదండ్రులో సంరక్షకులో ఖాతా తెరవవచ్చు, ఏడాదికి కనీసం 250 రూపాయలు వేయాలి.

ఇక ఎన్ని ఇవ్వాలన్నది. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య వయసున్న 36 మంది పిల్లల ముందు ఒకసారి 4, మరోసారి 16 బొమ్మలు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. 2018లో వెలువడిన ఈ ఫలితం పుట్టినరోజు మర్నాటి ఇంటికి సరిగ్గా సరిపోతుంది. వచ్చిన కానుకలన్నీ ఒకేసారి విప్పకుండా మూడు నాలుగు బయట ఉంచి, మిగతావి దాచి, రెండు వారాలకోసారి మార్చాలి. వీలైతే నలుగురు బంధువులు కలిసి ఒక మంచి చెక్క బండి, ఒక దిమ్మెల పెట్టె, నాలుగు అట్ట పుస్తకాలు ఇవ్వండి. ఇచ్చిన పుస్తకాన్ని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని మీరే మొదటిసారి చదివి వినిపించండి.